అమాల్ఫి తీరంలో బస ఎక్కడ? సలెర్నో, మయోరి, పొజితానో, సొరెంతో, చిలెంతో: ఎవరికి ఏది

ఇటలీలోని అమాల్ఫి తీరం అనగానే అందరికీ మెదిలే బొమ్మ ఒకటే. కొండకు అతుక్కుని, మెట్లుమెట్లుగా సముద్రం మీదికి దిగే రంగురంగుల ఇళ్ళు. అది పొజితానో. ఆ బొమ్మ చూసి ముందు అక్కడ గది తీసేసుకుని, మిగతా యాత్రంతా ఆ గదికి తగ్గట్టు సర్దుకునేవాళ్ళు చాలామంది. ఈ వరుస మార్చాలి. ఏ నెలలో వెళ్తున్నారు, వెంట ఎవరు వస్తున్నారు, రోజూ ఎటు తిరగాలనుకుంటున్నారు అన్నవి తేల్చుకుంటే ఉండాల్సిన ఊరు దానంతట అదే తేలుతుంది. పైగా ఆ బొమ్మలోని పొజితానో కనబడేది సముద్రంలోంచి, పడవ రేవుకు చేరేటప్పుడు. దానికోసం అక్కడ గది అక్కర్లేదు, పడవ టికెట్ చాలు.

ముందు నేల స్వరూపం. నేపుల్స్‌కు దక్షిణాన, కంపానియా ప్రాంతంలో ఉన్న సలెర్నో ప్రావిన్సు మూడు రకాల తీరం. పడమటి కొసన నిట్టనిలువు కొండలతో అమాల్ఫి తీరం. నడుమ సలెర్నో నగరం, దాన్ని ఆనుకుని సేలె నది మైదానం. దక్షిణాన చిలెంతో, కొండలూ ఇసుక తీరాలూ కలిసిన పెద్ద జాతీయ ఉద్యానం. అమాల్ఫి తీరాన్ని యునెస్కో 1997లో, చిలెంతోను ప్రాచీన గ్రీకు నగరాలు పేస్తుమ్, వెలియాలతో, పాదులా మఠంతో కలిపి 1998లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. సొరెంతో నిజానికి ఈ ప్రావిన్సులో లేదు, కొండకు అవతలి పక్క నేపుల్స్ వైపు ఉంది. కానీ అమాల్ఫి వెళ్ళేవాళ్ళలో సగంమంది అక్కడ దిగాలా వద్దా అని ఆలోచిస్తారు కాబట్టి దాన్నీ కలుపుకోవాలి.

ముందు నెల చూసుకోండి

ఈ తీరంలో రోజు ఎలా గడుస్తుందో నిర్ణయించేది పడవ. ఊరి నుంచి ఊరికి తిరిగే ఫెర్రీలు దాదాపు ఏప్రిల్‌లో మొదలై నవంబరు మొదట్లో ఆగిపోతాయి. ఆ తర్వాత మిగిలేది ఎస్ఎస్ 163 అనే ఒకే ఒక్క రోడ్డు. కొండ అంచున మెలికలు తిరిగే ఆ రోడ్డు మీద రెండు బస్సులు ఎదురుపడితే ఒకటి వెనక్కి జరగాల్సిన చోట్లు చాలా ఉన్నాయి.

మన పిల్లల సెలవులు ఇక్కడ బాగా కలిసొస్తాయి. మే నుంచి జూన్ రెండో వారం వరకు ఉండే వేసవి సెలవుల్లో ఇక్కడ ఎండ మితంగా ఉంటుంది, పడవలు నడుస్తాయి, ఇటలీ కుటుంబాల రద్దీ ఇంకా మొదలవదు. మే మొదట్లో నీళ్ళు చల్లగానే ఉంటాయి. ఈత ముఖ్యమైతే దసరా సెలవులు మేలు, వేసవంతా వేడెక్కిన సముద్రం సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కూడా వెచ్చగా ఉంటుంది. కాకపోతే అక్టోబరులో గాలివానకు పడవ రద్దయ్యే రోజులు ఉంటాయి, ఒక రోజు ఖాళీగా పెట్టుకోవాలి. సంక్రాంతికి వెళ్తే పొజితానోలో చాలా హోటళ్ళు మూసే ఉంటాయి, అప్పుడు సలెర్నో తప్ప వేరే మాట వద్దు. ఆగస్టు వీలైనంత మానుకోండి. 15వ తేదీ ఫెర్రగోస్తో పండుగకు అటూ ఇటూ రెండు వారాలు దేశమంతా సెలవులో ఉంటుంది. గదుల ధర పెరుగుతుంది, నిండిన బస్సు స్టాపులో ఆగకుండా వెళ్ళిపోతుంది.

సలెర్నో: ఎక్కువమంది కుటుంబాలకు ఇదే సరి

రోమ్ నుంచి వేగపు రైలులో సుమారు రెండు గంటలు, నేపుల్స్ నుంచి దాదాపు ముప్పావు గంట. రైలు దిగాక నేల చదునుగా ఉంటుంది, చక్రాల సూట్‌కేసు నున్నగా దొర్లుతుంది. పెద్దవాళ్ళు, చిన్నపిల్లలు, నాలుగు పెట్టెలు ఉన్న కుటుంబానికి ఈ ఒక్క సంగతి మిగతా అన్నిటికంటే ముఖ్యం. స్టేషన్ నుంచి సముద్రం వైపు ఐదారు నిమిషాలు నడిస్తే కాంకోర్డియా చౌక్ దగ్గర పడవల రేవు. అక్కడినుంచి అమాల్ఫికి 35 నిమిషాలు, పొజితానోకు గంటా పది నిమిషాలు. అమాల్ఫికి పడవ టికెట్ పది యూరోల చుట్టుపక్కల ఉంటుంది. బస్సు చవక, కానీ అదే అమాల్ఫికి గంటా పావు, మెలికల రోడ్డులో కడుపు తిప్పుతుంది. వెళ్ళేటప్పుడు పడవ, పడవలు ఆగిపోయిన సాయంత్రం తిరిగి వచ్చేటప్పుడు బస్సు అనుకుంటే డబ్బూ ఓపికా రెండూ మిగులుతాయి. సలెర్నో నుంచి అమాల్ఫి వెళ్ళే బస్సులో ఎడమ పక్క కూర్చుంటే సముద్రం కనబడుతుంది. సొరెంతో నుంచి వచ్చేటప్పుడు కుడి పక్క. తల తిరిగేవాళ్ళు ముందు వరసలో కూర్చుని, మాత్ర అరగంట ముందే వేసుకోవాలి, కడుపులో తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే పనిచేయదు.

రేవు విషయంలో ఒక జాగ్రత్త. కాప్రి దీవి వైపు వెళ్ళే కొన్ని పడవలు మోలో మన్‌ఫ్రేది అనే వేరే రేవు నుంచి బయల్దేరతాయి. రెండిటికీ మధ్య తీరం వెంట అరగంట నడక. టికెట్ మీద ఏ రేవు రాసి ఉందో చూడకుండా వెళ్ళి పడవ తప్పిపోవడం ఇక్కడ తరచూ జరిగేదే.

సలెర్నోలో ఉంటే తిరుగుడు అమాల్ఫి వైపే కాదు, నాలుగు దిక్కులా సాగుతుంది. పేస్తుమ్ గుళ్ళు రైలులో అరగంట నుంచి నలభై నిమిషాలు, పురాతన రోమన్ నగరం పోంపే కూడా దాదాపు అంతే. పోంపేలో 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందినే లోపలికి పంపుతున్నారు, టికెట్ మీద పేరు ఉంటుంది. అందుకే టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనాలి, పాస్‌పోర్టు వెంట ఉండాలి. ఊళ్ళో చూడదగ్గవీ ఉన్నాయి: 11వ శతాబ్దపు కేథడ్రల్, మధ్యయుగాల్లో ఐరోపా అంతటికీ పేరున్న వైద్య పాఠశాల జ్ఞాపకంగా నిలిచిన మినెర్వా మూలికల తోట, సముద్రం ఒడ్డునే జాహా హదీద్ గీసిన ఓడల టెర్మినల్. రాత్రి భోజనానికి వెళ్ళే చోట్ల కూర్చునేది ఎక్కువగా ఊరివాళ్ళే.

లోటు ఏమిటంటే, కిటికీ తెరిస్తే కొండ అంచు దృశ్యం కనబడదు. పనిలో ఉన్న నగరం కనబడుతుంది. నగరం బీచి మామూలుగా ఉంటుంది. కొత్తగా పెళ్ళయినవాళ్ళు ఇక్కడ నాలుగు రాత్రులు ఉంటే నిరాశ పడొచ్చు.

విమానంలో వచ్చేవాళ్ళకు: పొంతెకన్యానో దగ్గరి సలెర్నో విమానాశ్రయం 2024 జూలైలో ప్రయాణికుల సేవలు మళ్ళీ మొదలుపెట్టింది. అయితే హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళు సాధారణంగా గల్ఫ్ మీదుగానో ఇస్తాంబుల్ మీదుగానో రోమ్‌లోనో నేపుల్స్‌లోనో దిగుతారు. అక్కడినుంచి రైలే నయం. రైలు యాప్‌లో "వియెత్రి సుల్ మారె – అమాల్ఫి" అనే స్టేషన్ కనబడుతుంది, దానికి టికెట్ కొని అమాల్ఫిలో దిగుతామనుకోకండి. అమాల్ఫికి రైలు లేదు. ఆ స్టేషన్ ఉన్నది సలెర్నో పక్కనే ఉన్న వియెత్రిలో, అమాల్ఫి అక్కడికి ఇంకా 20 కిలోమీటర్లు.

అమాల్ఫి, మినోరి, మయోరి

కొండ తీరంలోనే ఉండాలి, కానీ మోకాళ్ళు సహకరించవు అనుకునేవాళ్ళకు మయోరి. ఈ తీరం మొత్తంలో పొడవైన బీచి, దాదాపు కిలోమీటరు, ఇక్కడే ఉంది. ఊరి వీధి చదునుగా ఉంటుంది, సూపర్ మార్కెట్లున్నాయి, పడవ ఆగుతుంది. పక్కనే మినోరి, చిన్నది, రోమన్ల కాలపు విల్లా శిథిలాలున్న ఊరు. రెండిటినీ కలిపే నిమ్మతోటల దారిలో నడిస్తే గంట పట్టదు. చేతికి నిండుగా వచ్చే పొడవాటి అమాల్ఫి నిమ్మకాయలు కాసేది ఆ తోటల్లోనే. తొక్క కింది తెల్లటి భాగం చేదుండదు, ముక్కలు కోసి ఉప్పు చల్లి అలాగే తింటారు.

అమాల్ఫి ఊరు కూడలి లాంటిది. సలెర్నో, సొరెంతో, రవెల్లో, అజెరోలా బస్సులన్నీ అక్కడే మారాలి. కొండ తీరాన్నే రోజూ చుట్టేయాలనుకునేవాళ్ళకు అది సౌకర్యం. కానీ పగలు పదకొండు నుంచి నాలుగు వరకు పడవల్లో వచ్చిన జనంతో చర్చి మెట్లు నిండిపోతాయి. పది నిమిషాలు నడిస్తే వచ్చే అత్రానిలో గది తీసుకుంటే ఆ ఒత్తిడి సగం తగ్గుతుంది. విస్తీర్ణంలో ఇటలీ మొత్తంలో అతి చిన్న పురపాలిక అది, చదరపు కిలోమీటరులో ఎనిమిదో వంతు కూడా ఉండదు.

రవెల్లో సముద్రానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది. అమాల్ఫి నుంచి బస్సులో అరగంట లోపే, కానీ ఆ బస్సు కోసం వరస పెద్దది. పొద్దున తొమ్మిదికి ముందే ఎక్కి, విల్లా రుఫోలో, విల్లా చింబ్రోనె తోటలు చూసి, దిగేటప్పుడు బస్సు కోసం నిలబడకుండా మెట్లదారిలో మినోరికి దిగడం మంచి పద్ధతి. గంట లోపు దిగిపోవచ్చు. ఆ దారిలో ఎక్కడం మాత్రం వేసవిలో పెట్టుకోవద్దు.

పొజితానో

రెండు రాత్రులు, ఇద్దరే మనుషులు, చెరొక చిన్న సంచీ, ఖర్చుకు వెనకాడని సందర్భం. ఈ నాలుగూ కలిస్తే పొజితానోలో ఉండండి. సాయంత్రం చివరి పడవలు వెళ్ళిపోయాక ఊరు చల్లబడే తీరు అక్కడ రాత్రి గడిపినవాళ్ళకే తెలుస్తుంది. ఈ నాలుగులో ఏ ఒక్కటి లేకపోయినా పగలు చూసి వచ్చేయడమే మేలు.

కారణం మెట్లు. గది వివరాల్లో "బీచికి 300 మీటర్లు" అని ఉంటే అది నిలువునా కావచ్చు. బుక్ చేసే ముందు హోటలుకు ఒకే ప్రశ్న రాయండి: బస్సు స్టాపు నుంచి గది తలుపు దాకా ఎన్ని మెట్లు, ఎక్కాలా దిగాలా? అంకె చెప్పకుండా "కొద్దిగా మెట్లున్నాయి" అంటే వందకు తక్కువ ఉండవని అనుకోండి. రేవులో పెట్టెలు మోసేవాళ్ళుంటారు, ఒక్కో పెట్టెకు ఇంత అని తీసుకుంటారు, ధర ముందే మాట్లాడుకోవాలి. బస్సుకు ఊళ్ళో రెండు స్టాపులు: అమాల్ఫి వైపు స్పొందా, సొరెంతో వైపు కియేజా నువోవా. తప్పు స్టాపులో దిగితే పెట్టెలతో ఊరంతా దాటాలి.

దేవతల దారి అని పేరున్న కొండ నడక కూడా ఇక్కడే ముగుస్తుంది. బొమెరానో నుంచి, పొజితానోకు పైన కొండ మీదున్న నొచెల్లె వరకు ఆరేడు కిలోమీటర్లు, మూడు గంటలు పెట్టుకోండి. ఈ దిశలోనే నడవాలి, బొమెరానో ఎత్తులో ఉంది కాబట్టి మొత్తమ్మీద దిగుడు. అమాల్ఫి నుంచి అజెరోలా బస్సెక్కి బొమెరానోలో దిగాలి. నీడ దాదాపు లేదు, మనిషికి లీటరున్నర నీళ్ళు, అడుగు పట్టున్న బూట్లు కావాలి. చాలామంది తప్పు చేసేది చివర్లో. నొచెల్లె నుంచి రోడ్డు దాకా దిగే మెట్లు పదిహేను వందలకు పైనే. మూడు గంటలు నడిచిన కాళ్ళకు అవి వద్దు, నొచెల్లె నుంచి పొజితానోకు ఊరి బస్సుంది.

సొరెంతో

మీ జాబితాలో పోంపే, కాప్రి, నేపుల్స్ ముందుండి, అమాల్ఫి ఒక్క రోజుకే పరిమితమైతే సొరెంతో సరైనది. కాప్రికి అరగంట లోపు పడవ, పోంపే తవ్వకాల గేటు దగ్గరే ఆగే చిర్కుమ్‌వెసువియానా రైలు. ఆ రైలు మన లోకల్ రైళ్ళ లాంటిది, కిక్కిరిసి ఉంటుంది, పర్సు ముందు జేబులో ఉండాలి. పేస్తుమ్, చిలెంతో చూడాలంటే మాత్రం ఇక్కడినుంచి దూరం, రైలు మారాలి. ఊరు కొండ చదును మీద ఉంది, నడక సులువు, కానీ ఇసుక బీచి దాదాపు లేదు. కట్టెల వంతెనల మీద పడక కుర్చీలు అద్దెకు తీసుకుని నీళ్ళలోకి దిగుతారు. ఇసుకలో ఆడాలనుకునే పిల్లలకు ఇది నచ్చదు.

చిలెంతో, పేస్తుమ్

మెల్లగా నాలుగైదు రోజులు సముద్రం పక్కన గడపాలి, గుంపులు వద్దు, ఖర్చూ అదుపులో ఉండాలి అంటే అందరూ వదిలేసే ఈ దక్షిణ భాగమే కావాలి.

పేస్తుమ్‌లో క్రీస్తుపూర్వం 600 ప్రాంతంలో గ్రీకులు కట్టుకున్న పొసెయిదోనియా నగరం ఉండేది. అక్కడి మూడు గుళ్ళు గ్రీసు దేశంలోని చాలా గుళ్ళకంటే నిండుగా నిలిచి ఉన్నాయి. స్టేషన్ నుంచి పావుగంట నడక. మ్యూజియంలో 1968లో దొరికిన ఈతగాడి సమాధి ఉంది, దాని మూతరాయి మీద నీళ్ళలోకి దూకుతున్న మనిషి బొమ్మ. ఆ బొమ్మ ముందు తొందరపడకుండా నిలబడండి. గుళ్ళకు సాయంత్రం ఎండ మంచిది, మధ్యాహ్నం నీడ లేదు. కాబట్టి ముందు మ్యూజియం, తర్వాత గుళ్ళు. నెలలో మొదటి ఆదివారం ప్రభుత్వ మ్యూజియాలకు టికెట్ ఉండదు, కానీ ఆ రోజు జనం ఎక్కువ.

ఈ మైదానమంతా గేదెల పాడి. గేదె పాల రుచి తెలిసిన మనకు ఇక్కడి మొజరెల్లా ఎందుకింత చిక్కగా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున చేసింది అదే రోజు తినాలి, దాని నీళ్ళలోనే ఉంచాలి, ఫ్రిజ్‌లో పెడితే బిగుసుకుని రుచి పోతుంది. శాకాహారులకు ఒక మాట: సంప్రదాయ పద్ధతిలో పాలు విరిచేది దూడ కడుపులోంచి తీసిన రెనెట్‌తో. పార్మిజానో చీజుకూ అంతే. అది పట్టింపు ఉన్నవాళ్ళు ముందే తెలుసుకుని నిర్ణయించుకోవాలి.

ఇంకా దక్షిణానికి వెళ్తే కస్తెల్లబాతె, అచ్చరోలి, పియొప్పి, వెలియా, పలినూరో. మధ్యధరా ఆహారం మీద పరిశోధించిన అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ పియొప్పిలోనే ఏళ్ళతరబడి ఉన్నాడు. వెలియా తత్వవేత్తలు పర్మెనిదీస్, జీనోల ఊరు. పలినూరోలో పడవ ఎక్కి సముద్రపు గుహలు చూడాలి.

ఇక్కడ కారు లేకపోతే కష్టం. రైలుంది, కానీ స్టేషన్లు ఊళ్ళకు దూరం. "అగ్రోపొలి–కస్తెల్లబాతె" అనే స్టేషన్ నుంచి కస్తెల్లబాతె పది కిలోమీటర్ల పైనే. రైలు మీదే ఆధారపడితే పేస్తుమ్, అగ్రోపొలి, అషేయా వరకే పెట్టుకోండి. ఇంగ్లీషు తక్కువ, అనువాదం యాప్‌ను నెట్ లేకుండా పనిచేసేలా డౌన్‌లోడ్ చేసుకోండి.

కారు తీసుకోవాలా?

చిలెంతోకు తీసుకోండి, అమాల్ఫి తీరానికి వద్దు. మన లైసెన్సుతో పాటు ఆర్టీఏలో ఇచ్చే అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. బండి కుడి వైపు నడపాలి, గేరు కుడిచేత్తో వేయాలి. ఆటోమేటిక్ బళ్ళు తక్కువ, ముందే బుక్ చేయాలి. కొండ రోడ్డు మీద వేసవి వారాంతాల్లో, ఆగస్టులో పగలు నంబరు ప్లేటు చివరి అంకె సరి బేసిని బట్టి తేదీలవారీ నిషేధం ఉంటుంది, అద్దె కార్లకూ వర్తిస్తుంది. పాత ఊళ్ళ నడుమ జెడ్‌టీఎల్ (అనుమతి లేని బళ్ళకు ప్రవేశం లేని ప్రాంతం) అని రాసిన బోర్డు దాటితే కెమెరా ఫొటో తీస్తుంది. జరిమానా నెలల తర్వాత ఇంటికి వస్తుంది, దానిమీద అద్దె సంస్థ తన రుసుము వేరే తీసుకుంటుంది.

బస్సుల మీద సీతా అని రాసి ఉంటుంది, అది సంస్థ పేరు. టికెట్ డ్రైవరు దగ్గర దొరుకుతుందని లెక్కపెట్టుకోవద్దు, "తబాకి" అని బోర్డున్న పొగాకు దుకాణాల్లో ముందే కొని, ఎక్కగానే మిషన్‌లో ముద్ర వేయించుకోవాలి. ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి, శనివారమే రెండు రోజులకు సరిపడా కొనేయండి. అదే దుకాణంలో స్టాపు ఎక్కడో కూడా అడగండి.

తిండి

పిజ్జా మరినారాలో పేరు చూసి చేప ఉంటుందని భయపడతారు. టమాటా, వెల్లుల్లి, ఒరెగానో, నూనె మాత్రమే, చీజు కూడా ఉండదు. వంకాయ పార్మిజానా, టమాటా పాస్తా ఎక్కడైనా దొరుకుతాయి. ప్రమాదం ఈ తీరంలోనే ఉన్న చెతారా అనే జాలరి ఊరి వైపు. అక్కడి ప్రత్యేకత కొలతూరా, ఉప్పులో ఊరిన చిన్న చేపల నుంచి కారిన రసం. స్పగెట్టిలో కలిపితే కంటికి కనబడదు. "సెంజా పెషె, సెంజా కొలతూరా" (చేప వద్దు, కొలతూరా వద్దు) అని చెప్పండి. మాంసాహారులు మాత్రం చెతారాలో దిగి అదే తినాలి.

అన్నం వండుకోవాలంటే వంటగది ఉన్న అపార్ట్‌మెంటు సలెర్నోలోనో మయోరిలోనో తీసుకోండి. పొడులు, మామిడికాయ పచ్చడి తెచ్చుకోవచ్చు, సీలు వేసిన ప్యాకెట్లయితే మంచిది. నెయ్యి, పాలకోవా తేవద్దు, బయటి దేశాల నుంచి ప్రయాణికులు పాల పదార్థాలు తేవడం యూరోపియన్ యూనియన్‌లో నిషేధం. పచ్చి కరివేపాకుకూ మొక్కల ఆరోగ్య పత్రం అడుగుతారు, ఎండబెట్టి పొడి చేసి తెచ్చుకోండి.

రాత్రులు పంచుకునే లెక్క

ఐదు రాత్రులుంటే మొత్తం సలెర్నోలోనే. ఏడుంటే నాలుగు సలెర్నో, మూడు చిలెంతో. కారును సలెర్నో నుంచి బయల్దేరే రోజే తీసుకోండి, ముందు రోజులకు పార్కింగ్ దండగ. జంటలకు రెండు పొజితానో, మూడు సలెర్నో, అదీ పొజితానో ముందు, సలెర్నో తర్వాత. చివరి రాత్రి కొండ తీరంలో పెట్టుకోకూడదు. సముద్రం పోటెత్తి పడవలు ఆగినా, సమ్మె వచ్చి బస్సులు ఆగినా పొజితానో నుంచి విమానం అందుకోవడానికి మిగిలేది టాక్సీ ఒక్కటే, అది చాలా ఖర్చు. సలెర్నో నుంచైతే రైలు ఉంది. నేపుల్స్ సెంట్రల్‌లో దిగితే విమానాశ్రయానికి అలీబస్ అనే బస్సు ఇరవై నిమిషాల్లో చేరుస్తుంది. వీసా వచ్చేదాకా రద్దు చేసుకోగలిగే బుకింగులే పెట్టుకోండి. పట్టణ పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని హోటల్లో విడిగా అడుగుతారు, చాలాచోట్ల నగదుగా. ఖాళీ చేసే రోజు పొద్దున కొన్ని యూరోలు చిల్లరగా ఉంచుకోండి.